మల్లెల కాలం, ముహూర్తాల కాలం: పెళ్లి పూల లెక్క ఎందుకు తప్పుతోంది?

క్లుప్తంగా

పూలు ఎండను, వానను, రాత్రి పొడవును బట్టి పూస్తాయి. పెళ్లిళ్లు తిథిని, మాసాన్ని, గురు శుక్ర మూఢాలను బట్టి జరుగుతాయి. ఈ రెండు లెక్కలూ ఏటా ఒకేచోట కలవవు. అందుకే ఒక ఏడాది చవగ్గా దొరికిన పువ్వు మరో ఏడాది పెళ్లికి అందని ధర పలుకుతుంది. డచ్ గులాబీలు, కృత్రిమ పూలు, ఆకుల అలంకరణ, కొత్త రకం పూలజడలు ఇంతగా పెరగడం వెనక ఫ్యాషన్ ఎంత ఉందో ఈ తేడా కూడా అంత ఉంది. పువ్వు పేరు పట్టుకుని కూర్చోకుండా రంగు, వాసన, ముహూర్తం వేళ చూసి అలంకరణ ఎంచుకుంటే ఖర్చు, వృథా రెండూ తగ్గుతాయి.

ఒకే ఫోటో, రెండు ధరలు

పెళ్లి కుదరగానే చాలా ఇళ్లలో ఫోన్‌లో దాచుకున్న మండపం ఫోటో ఒకటి బయటికి వస్తుంది. దాన్ని డెకరేటర్ ముందు పెట్టి "అచ్చం ఇలాగే కావాలి" అంటారు. ఫోటోలో మండపం వెనక తెల్ల చామంతుల తెర, స్తంభాలకు పసుపు చామంతి దండలు ఉంటాయి. ఆ ఫోటో జనవరిలో తీసింది. ఇప్పుడు చేయబోయే పెళ్లి మే నెలలో. డెకరేటర్ చెప్పిన రేటు వినగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మొన్న బంధువుల ఇంట్లో ఇందులో సగానికే చేశారు కదా అని వీళ్లు, ఇప్పుడు ఆ పూలు దొరకవండీ అని ఆయన.

ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఎండాకాలంలో చామంతి పూయించడం వేరే రకం సేద్యం, దాని ఖర్చు వేరు. సమస్య పువ్వుకు, పెళ్లికి మధ్య ఉన్న కాలం తేడాలో ఉంది. ఆ తేడా ఎలా పుడుతుందో తెలిస్తే బేరం కూడా వేరుగా సాగుతుంది.

మొక్క చూసేది సూర్యుణ్ని

చామంతి విషయం ముందుగా చెప్పుకోవాలి. ఎందుకంటే కాలానికి అంత గట్టిగా కట్టుబడిన పువ్వు మరొకటి అరుదు. రాత్రి పొడవు ఒక హద్దు దాటితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. అందుకే వర్షాకాలం వెళ్లి రాత్రుళ్లు పెరిగాక పూత మొదలై, చలికాలమంతా మార్కెట్ నిండుగా ఉంటుంది. బెంగళూరు చుట్టుపక్కల, చిక్కబళ్లాపుర వైపు రాత్రిపూట బస్సులో వెళ్తుంటే పొలాల్లో వరసగా బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. అవి చామంతి తోటలు. రాత్రి మధ్యలో కొన్ని గంటలు వెలుతురు ఇస్తే మొక్కకు రాత్రి చిన్నదిగా తోస్తుంది, పూత ఆగి కొమ్మ పెరుగుతుంది. దీపాలు ఆపేశాక పూత వస్తుంది. రైతు ఈ పద్ధతితో పూతను తనకు కావలసిన వారానికి జరుపుకుంటాడు. ఎండాకాలంలో దీనికి తలకిందులుగా చేయాలి. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన తోటలో, నల్లటి గుడ్డ కప్పి పగటిని కుదించాలి. మే నెలలో తెల్ల చామంతి తెర ఖరీదు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మల్లె దీనికి పూర్తిగా ఎదురు. దానికి వేడి కావాలి. కార్తీకం, మార్గశిరాల్లో కొమ్మలు కత్తిరించి ఆకు రాల్చిన తోట మార్చి నుంచి పూతకు వస్తుంది, జూన్ దాకా ఇస్తుంది. ఎన్టీఆర్ జిల్లా మైలవరం పరిసరాల మల్లెలు విజయవాడ, హైదరాబాద్ మార్కెట్లకు వచ్చేది ఈ నెలల్లోనే. చలి ముదిరితే మొగ్గ ఎదగడం నెమ్మదిస్తుంది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మదురై మల్లెకు కూడా ఈ బాధ తప్పదు. వేసవిలో కిలో వందల్లో ఉండే ఆ పువ్వు డిసెంబరు, జనవరిల్లో వేలల్లోకి వెళ్లడం తమిళనాడులో ప్రతి ఏటా వచ్చే వార్తే.

ఈ రెండింటి మధ్య ఖాళీని వేరే పూలు పూడుస్తాయి. వానాకాలంలో జాజులు ఉంటాయి. వాసన లేకపోయినా కాకడా మల్లె దాదాపు ఏడాదంతా దొరుకుతుంది. చలికాలంలో ఊదా రంగు డిసెంబరు పూలు దండల్లోకి చేరతాయి. మన మార్కెట్లలో లిల్లీ అని పిలిచే నేల సంపెంగ ఎక్కువ నెలలు పూస్తుంది. దండ కట్టేవాళ్లకు అది వెన్నెముకలాంటిది. బంతికి చల్లటి కాలమే ఇష్టమైనా, మిగతా కాలాల్లోనూ ఎంతో కొంత పూస్తుంది. వేడి పెరిగితే మాత్రం పువ్వు చిన్నదవుతుంది.

రంగు సంగతి కూడా వేడితో ముడిపడి ఉంది. గులాబీ ఎరుపుకు, ఊదా పూల రంగుకు కారణమైన వర్ణకాలు అధిక వేడిలో తక్కువగా తయారవుతాయి. బంతి పసుపుకు, నారింజకు కారణమైనవి వేరే జాతివి, అవి కాస్త గట్టివి. వేసవి పెళ్లిలో ఎర్ర గులాబీ పాలిపోయినట్టు కనిపించినా బంతి నిక్కచ్చిగా మెరవడానికి ఇదే కారణం.

ముహూర్తం చూసేది చంద్రుణ్ని, గురు శుక్రుల్ని

పెళ్లిళ్ల వైపు లెక్క ఇలా ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలుగా పక్కకు పోతాయి. ఇవి ఏటా ఇంచుమించు అదే కాలంలో వస్తాయి కాబట్టి పూల వ్యాపారం వీటికి అలవాటు పడింది. చిక్కు తెచ్చేవి అధిక మాసం, మూఢాలు.

గురువు గానీ శుక్రుడు గానీ ఆకాశంలో సూర్యుడికి దగ్గరగా వచ్చి కంటికి కనిపించకుండా పోయే రోజుల్ని మూఢం అంటారు. ఆ రోజుల్లో శుభకార్యాలు చేయరు. గురువు సూర్యుడితో కలవడానికి దాదాపు 399 రోజులు పడుతుంది. అందుకే గురు మూఢం ఏటా ఇంచుమించు ఒక నెల ముందుకు జరుగుతుంది. 2024లో ఆ కలయిక మే 18న, 2025లో జూన్ 24న, 2026లో జూలై 29న. శుక్రుడికి అదే స్థితి రావడానికి 584 రోజులు. సూర్యుడికి అవతలి వైపు వెళ్లినప్పుడు శుక్రుడు సూర్యుడి నుంచి చాలా నెమ్మదిగా దూరం జరుగుతాడు కాబట్టి ఆ మూఢం నెలలకు నెలలు సాగుతుంది. ఆ కలయికలు 2022 అక్టోబరులో, 2024 జూన్‌లో, 2026 జనవరిలో వచ్చాయి. తర్వాతివి 2027 ఆగస్టులో, 2029 మార్చిలో. ఎనిమిదేళ్లకోసారి దాదాపు అదే తేదీకి తిరిగి వస్తాయి.

ఈ తేదీల్ని పూల కాలం పక్కన పెడితే విషయం తేటపడుతుంది. 2024లో గురు, శుక్ర మూఢాలు రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏప్రిల్ చివర నుంచి శ్రావణం వచ్చేదాకా ముహూర్తాలు లేకుండా పోయాయి. అంటే మల్లె తోట విరగబూసే మే, జూన్ నెలల్లో పెళ్లి పందిళ్లే లేవు. కోసిన మల్లె గుడికి, ఇంటి పూజకు, జడకు వెళ్లింది తప్ప పెళ్లి మండపానికి వెళ్లలేదు.

ఇంచుమించు ఏడాదిన్నరకు కథ తిరగబడింది. 2025 నవంబరు చివర నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం. ఈసారి పోయింది చామంతి కాలం. మార్గశిర ముహూర్తాలు, మాఘ ముహూర్తాలు రెండూ అందులో కలిసిపోయాయి. దానికి తోడు 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అంటే ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా ఉన్న రోజుల్లోకే చాలా పెళ్లిళ్లు వచ్చి చేరాలి. చామంతి వెనకబడి మల్లె ముందుకొచ్చే సంధికాలం అది. డెకరేటర్ దగ్గరున్న పాత ఆల్బమ్ అప్పుడు పనికిరాదు.

2027 ఆగస్టు 12న శుక్రుడు, ఆగస్టు 31న గురువు సూర్యుడితో కలుస్తారు. ఆ ఏడు శ్రావణ ముహూర్తాల్ని పంచాంగకర్తలు ఎలా తేలుస్తారన్నది పూల రైతులకు ఇప్పటి నుంచే ముఖ్యమైన ప్రశ్న.

రైతు చేతిలో ఎంత ఉంది?

పంచాంగం ఉగాదికల్లా అందరి చేతికీ వస్తుంది. మరి రైతు దాన్ని చూసి పూయించుకోలేడా? ఇది పువ్వును బట్టి ఉంటుంది.

బంతి నారు నాటిన నెలన్నర, రెండు నెలల్లో కోతకు వస్తుంది. కాబట్టి దసరా, దీపావళి, కార్తీక ముహూర్తాలు చూసుకుని జూలై, ఆగస్టుల్లో నాటుకోవచ్చు. చామంతికి నాలుగైదు నెలలు ముందే నిర్ణయం తీసుకోవాలి, దీపాల ఖర్చు భరించాలి. మల్లె ఏళ్ల తరబడి ఉండే తోట. కత్తిరింపును కాస్త ముందుకో వెనక్కో జరపడం తప్ప అందులో చేయగలిగింది తక్కువ. పంచాంగం ఎలా తిరిగితే అలా తిరగగల పువ్వు బంతి, అసలు తిరగలేని పువ్వు మల్లె. మూఢాల్లో ఎక్కువ దెబ్బ తినేది మల్లె రైతే.

మల్లెకు ఇంకో కష్టం ఉంది. తెల్లవారకముందే తోటలోకి దిగి, విచ్చుకోని మొగ్గను చేత్తో ఒక్కొక్కటిగా కోయాలి. కోత కూలే పెద్ద ఖర్చు. ధర పడిపోయిన రోజున కోయించినా నష్టమే. కోయకుండా వదిలేసినా నష్టమే, సాయంత్రానికి పువ్వు చెట్టు మీదే విచ్చుకుంటుంది. మల్లె మొగ్గ నిల్వ ఉండదు కాబట్టి ముహూర్తం ఉన్న రోజుకు, లేని రోజుకు మధ్య ధర అంతలా ఎగిరి పడుతుంది. బంతి రైతులు రోడ్డు పక్కన పూలు పారబోసిన ఫోటోలు పత్రికల్లో ఏటా చూస్తూనే ఉంటాం. ఆ వారం పెళ్లి చేసుకున్నవాళ్లకు చవక, పండించినవాళ్లకు కన్నీళ్లు.

శ్రావణంలో గుడి, ఇల్లు, పందిరి ఒకే బుట్ట కోసం

శ్రావణ పెళ్లిళ్ల సంగతి విడిగా చూడాలి. ఆషాఢం దాటి వచ్చే నెల కాబట్టి ముహూర్తాలు ఒక్కసారిగా మొదలవుతాయి. అదే నెలలో మంగళగౌరి వ్రతాలు, శుక్రవారం పూజలు, పౌర్ణమికి ముందు వరలక్ష్మీ వ్రతం. 2024లో శ్రావణం ఆగస్టు 5న మొదలైంది, వరలక్ష్మీ వ్రతం 16న వచ్చింది. మూడు నెలలుగా ఆగిన పెళ్లిళ్లు, ఇంటింటి వ్రతం ఒకే పక్షంలో పడ్డాయి.

సరఫరా వైపు చూస్తే అది వానల నెల. తడిసిన బంతి లోపలి నుంచి కుళ్లుతుంది. గులాబీ రేకుల మీద బూజు మచ్చలు వస్తాయి. తడి పువ్వు బరువు తూగుతుంది కాబట్టి కిలో ధరకు కొన్నప్పుడు కొంత నీటికి కూడా డబ్బు కట్టినట్టే. చలికాలపు చామంతికి ఇంకా వేళ కాదు, మల్లె పూత తగ్గిపోయి ఉంటుంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో గానీ తూర్పు గోదావరి కడియపులంక మార్కెట్లో గానీ ఆ రోజుల్లో తెల్లవారుజామున కనిపించే తొక్కిసలాటకు కారణం ఇదే. కొనేవాళ్లు మూడింతలు, పువ్వు మాత్రం అరకొర.

కార్తీకంలో పోటీ వేరే రకం. దీపారాధనలు, అయ్యప్ప మాలలు, పెళ్లిళ్లు అన్నీ కలుస్తాయి గానీ అప్పటికి బంతి, చామంతి దండిగా వస్తుంటాయి. భయం తుఫాన్లదే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, 2025 అక్టోబరు చివర వచ్చిన మొంథా లాంటివి కోతకొచ్చిన తోటను ఒక్క రాత్రిలో తుడిచిపెట్టగలవు. పెళ్లి తేదీ మాత్రం మారదు.

కిలో పువ్వు, కాడ పువ్వు

మండపం ఖర్చు అర్థం కావాలంటే పూలు రెండు రకాలుగా అమ్ముడవుతాయని గుర్తుంచుకోవాలి. బంతి, చామంతి, మల్లె, లిల్లీ, కనకాంబరం విడిపూలు. ఇవి కిలోల్లో వస్తాయి, గుచ్చడానికి, అల్లడానికి, చల్లడానికి పనికొస్తాయి. డచ్ గులాబీ, జెర్బెరా, కార్నేషన్, ఆర్కిడ్ కాడపూలు. కట్టల్లో వస్తాయి: గులాబీ కట్టకు ఇరవై, జెర్బెరా కట్టకు పది. గులాబీ హోసూరు, బెంగళూరు నుంచి, కార్నేషన్ నీలగిరి, కొడైకెనాల్ కొండల నుంచి వస్తాయి. జెర్బెరా హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌లలోనూ పండుతుంది. ఆర్కిడ్లు ఎక్కువగా థాయిలాండ్ సరుకు.

పాలీహౌస్‌లో కాలం కొంతవరకు రైతు చేతిలో ఉంటుంది. వాన లోపలికి రాదు, వేడిని తగ్గించుకోవచ్చు. ఏడాదంతా ఇంచుమించు ఒకే నాణ్యత. డెకరేటర్లు కాడపూల వైపు మళ్లడానికి ఇదే పెద్ద కారణం: ఆరు నెలల ముందు ఒప్పుకున్న డిజైన్‌ను ధైర్యంగా చేసి చూపించవచ్చు. కానీ కాడపూలకూ తమ క్యాలెండర్ ఉంది. ఫిబ్రవరి 14 కోసం హోసూరు, బెంగళూరు తోటల్లోని ఎర్ర గులాబీ, ముఖ్యంగా తాజ్‌మహల్ రకం, ఎగుమతికి వెళ్తుంది. సరిగ్గా మాఘ, ఫాల్గుణ పెళ్లిళ్ల రోజులవి. ఆ రెండు వారాల్లో ఎర్ర గులాబీల మండపం కోరుకుంటే మార్కెట్‌తో ఎదురీదినట్టే. అదే సమయంలో పసుపు, లేత నారింజ గులాబీల మీద అంత ఒత్తిడి ఉండదు.

డిజైన్ నేర్పు కనిపించేది ఇక్కడే. ఒక చదరపు అడుగు గోడను పూలతో కప్పాలంటే కాడపూలతో ఖర్చు ఎక్కువ, బంతితో తక్కువ. కాబట్టి మంచి డెకరేటర్ గోడను బంతి మాలలతోనో ఆకులతోనో నింపి, వధూవరుల భుజాల ఎత్తున, కెమెరా పడే చోట మాత్రమే కాడపూలు పెడతాడు. అక్కడక్కడ ఖాళీ వదలడం కూడా డిజైన్‌లో భాగమే. అంగుళం వదలకుండా కప్పితేనే ఘనంగా ఉంటుందన్న నమ్మకం ఖర్చును పెంచినంతగా అందాన్ని పెంచదు.

ముహూర్తం వేళ కూడా లెక్కే

మల్లె మొగ్గ తెల్లవారుజామున కోస్తే సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుంటుంది, మర్నాటికి అంచులు ఎర్రబడతాయి. రాత్రి ఒంటిగంట ముహూర్తానికి ఇది దేవుడిచ్చిన ఏర్పాటు. ఉదయం కోసిన మొగ్గతో మధ్యాహ్నం పూలజడ కుడితే, తలంబ్రాల వేళకు జడంతా విచ్చుకుని మండపం నిండా వాసన. ఉదయం పదిన్నర ముహూర్తమైతే ముందురోజు మొగ్గ అప్పటికే విచ్చుకుని వాడుతూ ఉంటుంది. ఐస్‌తో పాటు థర్మోకోల్ పెట్టెలో ఉంచితే కొన్ని గంటలు వెనక్కి లాగవచ్చు గానీ మొదటి తాజాదనం రాదు. ఇలాంటి పెళ్లికి జడలో లిల్లీ మొగ్గలు, గులాబీ రేకులు వాడడం మంచిది. తెల్లటి చిన్న చుక్కల్లా ఉండే జిప్సోఫిలా జడలు ఈ మధ్య అంత పెరగడానికి ఒక కారణం అందం, రెండో కారణం నిలకడ. అవి ఎండిపోయినా రూపం చెడదు. వాసన మాత్రం ఉండదు. వాసన కావాలంటే మధ్యలో రెండు పాయలు మరువమో దవనమో చుట్టుకోవచ్చు.

పువ్వు కోసిన తర్వాత కూడా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద మండపం కట్టడానికి, ఏసీ హాల్లో కట్టడానికి తేడా ఇదే. ఏసీలో వేడి తక్కువ గానీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు చిలకరించకపోతే రేకు అంచులు ముడుచుకుంటాయి.

నిల్వలో జరిగే పొరపాట్లు రెండు. గులాబీని ఉంచినట్టే ఆర్కిడ్‌ను, ఆంథూరియంను రెండు మూడు డిగ్రీల చల్లదనంలో పెడితే అవి నల్లబడతాయి. ఉష్ణమండల పూలు కాబట్టి వాటికి 12 నుంచి 15 డిగ్రీలు చాలు. రెండోది పండ్లతో పాటు ఒకే గదిలో పెట్టడం. పండుతున్న మామిడి, అరటి వదిలే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్, ఆర్కిడ్ త్వరగా వాడిపోతాయి. కల్యాణ మండపాల్లో పండ్ల తట్టలు, పూల పెట్టెలు ఒకే స్టోర్ రూములోకి చేరడం మామూలే. తెల్లారేసరికి కార్నేషన్ ముడుచుకుంటే తప్పు పూలు అమ్మినవాడి మీద పడుతుంది.

కృత్రిమ పూలు ఎందుకు పెరిగాయి?

పైన చెప్పిన ఇబ్బందులన్నింటికీ ఒకే మందులా కనిపించేది గుడ్డ, ప్లాస్టిక్ పువ్వు. కాలం లేదు, వాడదు, వానకు జంకదు. ఒకసారి కొన్న ప్యానెల్ ముప్ఫై పెళ్లిళ్లకు పనికొస్తుంది. ఇంకో కారణం సమయం. పెద్ద ముహూర్తాల రోజుల్లో హాలు రాత్రి రిసెప్షన్‌కు ఒకరిది, తెల్లవారి పెళ్లికి మరొకరిది. మధ్యలో దొరికేది నాలుగైదు గంటలు. ఆ రోజుల్లో పువ్వు కంటే ముందు కరువయ్యేది పనివాళ్లు. మాలలు గుచ్చేవాళ్లు, బెంగాల్ నుంచి వచ్చిన పూల పనివాళ్లు ఒకే రాత్రి రెండు మూడు చోట్ల పనిచేస్తారు. గోదాములో ముందే తయారైన ప్యానెల్ తెచ్చి నిలబెట్టడం సులువు.

దీని దెబ్బ పడేది విడిపూల రైతు మీద. కృత్రిమ పూలను కట్టడి చేయాలని మహారాష్ట్ర, కర్ణాటక పూల రైతులు గట్టిగా అడుగుతున్నారు. మన రాష్ట్రాల్లో ఆ గొంతు ఇంకా అంతగా వినపడటం లేదు, వినపడాలి. అయితే మూఢం తర్వాత మొదటి ముహూర్తం రోజున ఊళ్లోని పెళ్లిళ్లన్నింటికీ నిజమైన పూలే కావాలంటే తోటలు చాలవన్నది కూడా వాస్తవం. చాలామంది డెకరేటర్లు పాటిస్తున్న మధ్యేమార్గం ఒకటుంది: చెయ్యి అందని ఎత్తున, సీలింగ్‌కు కృత్రిమం, చేతికి, ముక్కుకు, కళ్లకు దగ్గరగా ఉండే చోట అసలు పువ్వు. దండలు, జడ, తలంబ్రాల పళ్లెం, పూజ సామగ్రిలో కృత్రిమానికి చోటు లేదు. పెళ్లి తంతుకు నిజంగా కావలసిన పూలు ఆ కొద్ది కిలోలే. మిగతాదంతా మండపం అలంకరణ. పొదుపు చేయాలనుకునేవాళ్లు ఈ రెండింటినీ వేరు చేసి చూసుకోవడం మంచిది.

ఆకుపచ్చ ఫోమ్, అరటి బోదె

కాడపూలతో పాటు మన పందిళ్లలోకి వచ్చింది ఆకుపచ్చ ఫోమ్. 1950ల్లో అమెరికాలో తయారైన ఈ స్పాంజి లాంటి దిమ్మె నీళ్లు పీల్చుకుని కాడను కదలకుండా పట్టుకుంటుంది. పని సులువు చేస్తుంది, కానీ అది ప్లాస్టిక్ జాతిదే. నలిపితే పొడై నీళ్లలో, మట్టిలో కలుస్తుంది, కుళ్లదు. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దీన్ని ఆపేసింది. అక్కడ ఇనుప జాలీ, కాడలు గుచ్చే ముళ్ల పీటలు వాడుతున్నారు.

మనకు అంత దూరం వెళ్లక్కర్లేదు. అరటి బోదె నిండా నీరే. అడ్డంగా కోసి నిలబెట్టి కాడలు గుచ్చితే ఆ పూటకు తాజాగా నిలుస్తాయి. పందిరికి అరటి చెట్లు ఎలాగూ తెస్తారు, తర్వాత పశువులకో ఎరువుకో వెళ్తుంది. కోనసీమ వైపు కొబ్బరాకుతో చిలకలు, జల్లెడ అల్లికలు అల్లే చేతులు ఇప్పటికీ ఉన్నాయి. మామిడాకు, అశోకాకు, తమలపాకు పూలంతగా ధర ఎగరవు. ఆకులతో సగం పందిరి నింపి, ఆ కాలంలో దొరికే ఒకే రంగు పువ్వును గుత్తులుగా పెట్టిన పెళ్లిళ్లు ఈ మధ్య పెరుగుతున్నాయి. కాలం తేడాకు ఇంతకంటే నిలకడైన జవాబు కనబడదు.

పెళ్లి అయ్యాక మిగిలేది తడి చెత్త. అందులో స్టేపుల్ పిన్నులు, తీగలు, థర్మోకోల్ ముక్కలు కలిసి ఉండటం వల్లే అది ఎరువు కాలేకపోతోంది. నూలు దారంతో గుచ్చిన దండ అలాగే కుళ్లిపోతుంది, ప్లాస్టిక్ దారంతో గుచ్చింది కుళ్లదు. వాడిన పూలకు విలువ లేదనుకోవడమూ పొరపాటే. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో తన ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తుల తయారీ మొదలుపెట్టింది. కల్యాణ మండపాల పూలకు అలాంటి దారి ఇంకా ఏర్పడలేదు.

అమెరికా పెళ్లిలో మల్లెదండ

విదేశాల్లోని తెలుగువాళ్లకు ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. అమెరికాలో పెళ్లిళ్లు ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు లోపు, వారాంతాల్లో, హాలు దొరికిన రోజునే పెట్టుకుంటారు. అంటే ముహూర్తానికి శనివారం, ఆదివారం అనే మూడో క్యాలెండర్ తోడవుతుంది. అక్కడ కాడపూలు ఎక్కువగా కొలంబియా, ఈక్వడార్ నుంచి మయామీ మీదుగా వస్తాయి. గులాబీకి కొరత ఉండదు. దండకు, జడకు కావలసిన విడిపూలే దొరకవు. మదురై మల్లెలను, ఇతర సంప్రదాయ పూలను 2021లో తమిళనాడు నుంచి అమెరికాకు, దుబాయ్‌కి పంపారు. వేసవిలో ఇక్కడ మల్లె చవక, అక్కడ పెళ్లిళ్ల కాలం. ఈ ఒక్కచోట రెండు లెక్కలూ కలిశాయి. 2024 మే, జూన్‌లలో ఇక్కడ ముహూర్తాలు లేని రోజుల్లో మిగిలిన మల్లెకు అలాంటి బయటి మార్కెట్ ఎంత అవసరమో మైలవరం రైతును అడిగితే చెబుతాడు.

డెకరేటర్‌ను ఏం అడగాలి?

ముహూర్తం పెట్టిన రోజునే మూడు విషయాలు తేల్చుకోవడం మేలు. పెళ్లి ఏ మాసంలో, ఏ వేళకు, ఆరుబయటా హాల్లోనా? ఆ తర్వాత పువ్వు పేరు కాకుండా రంగు చెప్పాలి. పసుపు కావాలంటే చలికాలంలో చామంతి, మిగతా కాలాల్లో బంతి. తెలుపు కావాలంటే వేసవిలో మల్లె, వానల్లో లిల్లీ, చలిలో చామంతి. ఎరుపు మాత్రం ఫిబ్రవరి రెండో వారంలో అడగకపోవడం మంచిది. ఒప్పందంలో "ఈ పువ్వు దొరకకపోతే అదే రంగులో ఫలానా పువ్వు" అని ముందే రాసుకుంటే పెళ్లి రోజు ఉదయం గొడవ ఉండదు. దండలకు, జడకు ఎన్ని కిలోలు, మండపానికి ఎన్ని కట్టలు అని విడివిడిగా రాయించుకుంటే ఎక్కడ తగ్గించవచ్చో కనబడుతుంది.

ఊరికి దగ్గర్లో పూల రైతు ఉంటే రెండు నెలల ముందు మాట్లాడుకోవడం ఇంకా మంచిది. బంతికి అది సరిగ్గా నారు నాటే సమయం. తేదీ ముందే తెలిసిన పెళ్లి, ఆ తేదీకే నాటిన మడి ఉంటే ముహూర్తం రోజు మార్కెట్ ధరతో ఇద్దరికీ పని ఉండదు. కడియం, కుప్పం, చేవెళ్ల లాంటి చోట్ల ఇలాంటి ముందస్తు ఒప్పందాలు పెరగడానికి వీలుంది. పంచాంగం ఎలాగూ ఏడాదికి సరిపడా చేతిలోనే ఉంటుంది, దాన్ని పూల రైతు కూడా చదువుకునేలా నెలవారీగా ముహూర్తాల సంఖ్యతో ఒక కాగితం మీద ఉద్యానశాఖ ఉగాదికి అందిస్తే, ఏ మడిలో ఏం నాటాలో తేల్చుకోవడానికి అది చాలు.